ఉత్తరభాగములు చూడఁదగినవేనా? — భయానకబీభత్స చలనచిత్ర విమర్శము

చలనచిత్రములను గూర్చిన విమర్శమునకు సాహిత్యపరిశోధనపత్రికలోఁ దావెక్కడిదని కొందఱు శంకింపవచ్చును. దృశ్యకావ్యమునకు భరతముని చెప్పిన రసలక్షణము రంగస్థలమునకే పరిమితము గాక, ప్రేక్షకుని కన్నులయెదుట నభినయింపఁబడు ప్రతి కథకును వర్తించునని నా నమ్మకము. అదియునుగాక, యీ విచారమునకు నన్నుఁ బ్రేరేపించినది యొక పూర్వవిద్యార్థి ప్రశ్న. ఇబ్రహీంపట్నమునుండి విజయవాడకుఁ బోవు బస్సులో నతఁడు నన్నుఁ గలిసికొని, “మాస్టారూ, నెత్తురు మిక్కిలిగాఁ గల యొక చిత్రమాలికలో మొదటిది చూచితిని. నిజముగా భయపడితిని. తక్కిన భాగములుగూడఁ జూడఁదగినవేనా?” యని యడిగెను. చూడుమనియో వలదనియో యొక్కమాటతోఁ దేల్చుటకు నాకు మనసొప్పలేదు. మొదటిభాగమువలనఁ గలిగిన భయ మెట్టిదో తెలిసికొననిదే రెండవభాగమున నది నిలుచునో నశించునో చెప్పుట యెట్లు? అందు బస్సులోఁ జెప్పలేకపోయిన సమాధానమే యీ వ్యాసము.

మొదట నొక యాక్షేపమును బరిహరింపవలసియున్నది. నెత్తురు, మాంసము, ఖండితావయవములు దృశ్యమున నిషిద్ధములు గావున, నిట్టి చిత్రములలో మంచిచెడ్డల విచారమే యనవసరమని కొందఱు పండితు లందురు. రంగమున వధను బ్రత్యక్షముగఁ జూపరాదని దశరూపకకర్త ధనంజయుఁడు నియమించిన మాట నిజమే. కాని యా నియమము వధాప్రదర్శనమును గూర్చినది; బీభత్సపోషణమును గూర్చినది కాదు. భవభూతి మాలతీమాధవమున పంచమాంకమును శ్మశానమునందు నిలిపి, మాధవునిచే నరమాంసమును విక్రయింపఁబూనించి, అఘోరఘంటుఁడను కాపాలికుఁడు మాలతిని చాముండకు బలియీయఁదలఁచుటను జూపెను. భట్టనారాయణుఁడు వేణీసంహారమున తృతీయాంకారంభమునందు రణభూమిలో నెత్తురు త్రావు రాక్షసదంపతులను బ్రవేశపెట్టెను. తెలుఁగున తిక్కనసోమయాజి సౌప్తికపర్వమున నిద్రితులైన వీరులను అశ్వత్థామ వధించిన రాత్రిని మనకుఁ గన్నులఁ గట్టించెను. కావున బీభత్సము రసములలో నొకటియే. దోషము రసమునందు లేదు, నిర్వహణమునం దుండవచ్చును.

రెండవ యాక్షేపము పండితులది కాదు, చిత్రాభిమానులది. మొదటిభాగమునఁ గొంత నెత్తురువలనఁ గొంత భయము గలిగినచో, రెండవభాగమున రెట్టింపు నెత్తురువలన రెట్టింపు భయము గలుగునని వారి లెక్క. ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున తృతీయోద్ద్యోతమునందు రసవిరోధహేతువులను బేర్కొనుచు, పరిపోషము నొందిన రసమునే మాటిమాటికి నుద్దీపింపఁజేయుట వానిలో నొకటి యనియు, అట్టి రసము పలుమాఱు తాఁకఁబడిన పువ్వువలె వాడిపోవుననియుఁ జెప్పియున్నాఁడు. మమ్మటుఁడు కావ్యప్రకాశమున నీ దోషమునకుఁ గుమారసంభవమునందలి రతివిలాపమునే యుదాహరించెను. కాళిదాసంతటివాని చేతిలోఁ గరుణమువంటి రసమే యిట్లు వాడునని లాక్షణికు లనఁగా, భయజుగుప్సల సంగతి వేఱుగఁ జెప్పనేల? భయమునకు అపరిచితత్వము జీవము. ఒకసారి ముఖముఁ జూపిన పిశాచము పరిచితమగును. జుగుప్సయు నట్లే, మొదటి గాయముఁ జూచి ముఖము త్రిప్పుకొన్నవాఁడు పదియవ గాయమును గన్నార్పక చూచును. అంతట నిర్మాత పదునొకండవ గాయమును మఱింత పెద్దదిగఁ జేయవలసివచ్చును.

అట్లయిన నుత్తరభాగము లన్నియు వ్యర్థములేనా? ఈ సందేహమును దీర్చుటకు భరతుని విభజనము మనకు మిక్కిలి యుపకరించును. భయానకము వ్యాజమువలనఁ బుట్టునది, అపరాధమువలనఁ బుట్టునది, విత్రాసితకము అని మూఁడువిధములుగ నతఁడు చెప్పెను. ప్రేక్షకుని వంచించి హఠాత్తుగఁ గలిగించు నులికిపాటు, తలుపు చప్పుడు, అద్దములోఁ దోఁచు ముఖము మొదలగునవి వ్యాజకోటిలోనివి. స్వభావముచేతనే పిఱికియైనవాని భయము విత్రాసితకము. తాను జేసిన తప్పిదము తన్ను వెన్నంటివచ్చునను భయము అపరాధజము. బీభత్సమును సైతము అతఁడు రుధిరాదులవలనఁ గలుగు క్షోభజమనియు, పురుగులు మొదలగువానివలనఁ గలుగు ఉద్వేగియనియు, శుద్ధమనియు విభజించెను. శుద్ధమును ధనంజయుఁడు వైరాగ్యమువలనఁ బుట్టిన యేవగింపుగ వివరించెను. ఇందు వ్యాజము ప్రాయికముగ నొక్కసారికే చెల్లును. విత్రాసితకము పునరావృత్తిచే హాస్యముగ మాఱును. అపరాధమునకు మాత్రము ఫలము, ప్రతీకారము, పశ్చాత్తాపము అను సంతతి గలదు. కావున అపరాధజమైన భయమే యుత్తరభాగమును న్యాయముగఁ గోరునది. నా సిద్ధాంత మింతమాత్రమే. ఇఁక దీనిని లక్ష్యములయందుఁ బరీక్షింతము.

విత్రాసితకముతో నారంభింతము. రాఘవ లారెన్సు దర్శకత్వము వహించి నటించిన ‘ముని’ (2007), ‘కాంచన’ (2011), ‘గంగ’ (2015), ‘కాంచన 3’ (2019) అను చిత్రములు తమిళమునుండి వచ్చినవైనను దెలుఁగువారికి మిక్కిలి పరిచితములు. నాయకుఁడు దయ్యములపేరు విన్నంతనే వణఁకువాఁడు. వాని నొక ప్రేతమావేశించును. ఆ ప్రేతము తన్నుఁ జంపినవారిపైఁ బగ దీర్చుకొనును. ‘కాంచన’యందలి ప్రేతము జీవితకాలమున లోకముచేఁ దిరస్కరింపఁబడిన ట్రాన్స్‌జెండరు స్త్రీ యగుటవలన, ఆ పగయందు లోకాపరాధ మొకటి గోచరించి, కరుణము సమకూడినది. మాలికలో నది యొక్కటి జనులకు జ్ఞాపకమున్నదన్నచో దానికి హేతు విదియే. తక్కినవానియందు నాయకుని పిఱికితనము నవ్వులకు సామగ్రియై, పగ యొక యాచారముగ మాత్రము నడచినది. ‘గీతాంజలి’ (2014), పదియేండ్లకు వచ్చిన ‘గీతాంజలి మళ్ళీ వచ్చింది’ (2024) అనువానియందును హాస్యము భయమును గ్రమముగ మ్రింగినది. ఇట్టివి చూచినవారికి హాని లేదు. కాని భయానకముకొఱకుఁ బోయినవాఁడు వేఱొకదానిని గొని వచ్చును.

ఓంకారు దర్శకత్వమున 2015, 2017, 2019 సంవత్సరములందు వచ్చిన ‘రాజు గారి గది’ చిత్రములు మూఁటికిని బేరు దక్కఁ గథాసంబంధము లేదు. కాని రెండవది ప్రత్యేకముగ గమనింపఁదగినది. ‘ప్రేతం’ అను మలయాళచిత్రము (2016) దీనికి మూలము. రహస్యముగఁ దీయఁబడిన తన చిత్రము బయటఁబడుటచే బ్రాణములు విడిచిన యువతి యిందలి ప్రేతము. ఇచట భయమునకు మూలము దయ్యముగాదు, మనుష్యుని నీచమైన కుతూహలము. మొదటిచిత్రమునకు నిజమైన యుత్తరభాగము గాకపోయినను, అపరాధము నాశ్రయించినందున నిది మొదటిదానికంటె గంభీరమైనది.

వ్యాజమునకు రవిబాబుగారి ‘అవును’ (2012) మంచి యుదాహరణము. క్రొత్తయింటఁ గాపురమున్న యిల్లాలిని గానరాని ప్రేతమొకటి కామించి వెన్నాడును. ఎవరును లేనిగదిలో నెవరో చూచుచున్నారను శంకయే యిందు విభావము. నెత్తురుతో దానికిఁ బనిలేదు. మూసిన తలుపునకుఁ దనలోపలనే శత్రువుండుట స్త్రీప్రేక్షకులకు మఱింత భయంకరముగఁ దోఁచియుండును. ‘అవును 2’ (2015)లో అదే దంపతులను అదే ప్రేతము మరల బాధించును. ఇప్పుడు ప్రేక్షకునకు దాని పేరు తెలియును, కోరిక తెలియును, రాకపోకల మర్యాద తెలియును. శంక తీఱిపోయినచోట నులికిపాటు లెన్ని కూర్చినను అవి వ్యాజములుగనే మిగులును. మొదటిది చూచినవాఁడు రెండవదానిని జూడకపోయిన నతని కే లోపమును లేదు.

ఇఁక ముఖ్యవిషయమునకు వత్తును. శైలేశ్ కొలను రచించి దర్శకత్వము వహించిన ‘హిట్’ మాలికయందు దయ్యములు లేవు. నరహంతలే పిశాచస్థానము నాక్రమించిరి. నేఁటి తెలుఁగుచిత్రములలో క్షోభజబీభత్సమునకు దీనికంటె స్పష్టమైన లక్ష్యము నే నెఱుఁగను. నా విద్యార్థి యడిగినదియు నీ మాలికను గూర్చియే. 2020 ఫిబ్రవరిలో వచ్చిన మొదటిభాగమున విక్రముఁడను పోలీసు ఉద్యోగి హైదరాబాదునందు గానరాకపోయిన యువతులకొఱకు వెదకును. అతనికిఁ బూర్వానుభవమొకటి మనోవ్రణమై, యగ్నిని జూచినంతనే యొడలు స్వాధీనము దప్పును. శవములకంటె నీతని లోపలి గాయమే మనలను గలఁచును. నెత్తురు మితముగ నుండుటచే భయము నిలిచినది.

2022 డిసెంబరునందు వచ్చిన ‘హిట్ 2’ కథ విశాఖపట్టణమున జరుగును. నాయకుఁడు కృష్ణదేవుఁడు సమర్థుఁడే గాని గర్వి. నేరస్థులవి కోడిబుఱ్ఱలని యెగతాళి సేయును. అంతలో ఖండములుగ నఱకఁబడిన స్త్రీశవ మొకటి దొరకును. పరీక్షింపఁగా శిర స్సొకతెదియు, తక్కిన యవయవములు వేఱువేఱు స్త్రీలవియు నని తేలును. ఈ ఘట్టము మిక్కిలి జుగుప్సావహము. అయినను నే దీనిని దోషమనను. ఏలయన నొక్క మరణమని మనము తలఁచినది పలుమరణములని యీ దృశ్యమే చెప్పుచున్నది. నాయకుని గర్వమును గూలఁద్రోయుచున్నది. తుదకా విపత్తు తన ప్రియురాలిదాఁక వచ్చునను భయమునకు విత్తనమగుచున్నది. బీభత్సమునుండి భయానకము పుట్టునని భరతుఁడు చెప్పిన క్రమమునకు నిది చక్కని లక్ష్యము. హంతకుని పూర్వచరిత్రము కడపటఁ ద్వరితముగఁ జెప్పఁబడుట యొక లోపము. అయినను గర్వమను అపరాధము మూలమైనందున నీ యుత్తరభాగము మొదటిదానికి లొంగదు; రసపోషణమునఁ గొంత మించినదనియు నా యభిప్రాయము.

‘హిట్ 2’ కడపట నాని యర్జున్ సర్కారను మూఁడవభాగనాయకుఁడుగఁ దోఁచిపోవును. ఒక యంకము చివరఁ బాత్రలచేతనే తరువాతి యంకమును సూచించుట అంకాస్యమని లాక్షణికులు చెప్పినదే యిది. క్రొత్త వింత కాదు. కాని అంకాస్యము కథాసంబంధమును జూపుటకుఁ గాని, ప్రేక్షకుని మఱియొక చీటి కొనఁజేయుటకుఁ గాదు. 2025 మే 1వ తేదీన వచ్చిన ‘హిట్ 3’ నీ దృష్టితోఁ జూడవలెను. ఇందు హంతకులు చెదరియున్న యేకాకులు గారు. అంతర్జాలమునఁ గూడి చంపుటయే వ్రతముగఁ గొన్న రహస్యసంఘము. దానిలోఁ బ్రవేశించుటకై నాయకుఁడు హంతకుని వేషము ధరించును. ఇంతవఱకు వస్తువు గొప్పది. హంతకుని వేషము ధరించినవానికి ఆ వేష మంటుకొనదా? నెత్తుటితోఁ దడిసిన చేయి మరల న్యాయాధికారిచేయి యగునా? అపరాధజభయమున కింతకంటెఁ దగిన బీజము మాలికలో వేఱొకటి లేదు.

చిత్రము మాత్ర మా బీజమును మొలకెత్తనీయలేదు. ఉత్తరార్ధమున నాయకుఁ డొక్కఁడే సంఘమును జీల్చి చెండాడును. క్షోభజబీభత్సము వీరరసమునకుఁ బరిచర్య సేయుటతోఁ బ్రేక్షకుఁడు జుగుప్స మఱచి చప్పట్లు గొట్టును. నేను జూచిన యాటలోఁ గంఠచ్ఛేదమునకు నీలలు వినఁబడినవి. ఆ యీలవేసినవారు క్రూరులని నే ననను. మొదటిభాగమున వారే యూపిరి బిగఁబట్టియుందురు. దోషము వారిని జుగుప్సకు మెల్లమెల్లగ మొద్దువాఱఁజేసిన కూర్పునందున్నది. జుగుప్స మనుష్యునకుఁ బ్రకృతి యిచ్చిన కావలి. పరహింసను జూచినపుడు మొట్టమొదట వలదనునది యదియే. దానిని వినోదముకొఱకు నిద్రపుచ్చుట చిన్నవిషయము గాదు. ‘హిట్ 2’, ‘హిట్ 3’ రెండును పెద్దలకు మాత్రమే యను ధ్రువపత్రముతో వెలువడినవి. కాని చేతిఫోనులో నా యడ్డు పెద్దగాఁ బనిచేయదని బడిలోఁ బాఠము చెప్పు ప్రతివాఁడు నెఱుఁగును.

దీనితోఁ బోల్చి చూడఁదగినవి అనిల్ విశ్వనాథుఁడు దర్శకత్వము వహించిన ‘మా ఊరి పొలిమేర’ (2021), దాని రెండవభాగము (2023). పల్లెలో వరుసగ సంభవించిన మరణములు చేతబడివలన నని శంక. ఆటో నడుపుకొను కొమురయ్య, పోలీసుజవానుగ నున్న తమ్ముఁడు జంగయ్య, కొమురయ్య యిల్లాలు లక్ష్మి ముఖ్యపాత్రలు. మొదటిభాగము నేరుగ నింటింటి తెరమీఁదికి వచ్చి, జనాదరమువలన రెండవభాగమును సినిమాశాలలకుఁ జేర్చినది. చేతబడి శంకతో మన పల్లెలలో నిజముగనే మనుష్యులను జంపినవార్తలు చదువుచున్నవారమగుటచే, నీ కథయందలి భయము కల్పితమాత్రము గాదు. రెండవభాగమునఁ గథ కేరళమునకును, మూఁతవడిన దేవాలయమునకును, నిధికిని బ్రాఁకినది. నిధి వచ్చినంతనే పల్లెవారి యనుమానమునందలి బీభత్సము కొంత సన్నగిల్లినదనుట నిజము. అయిన నిల్లాలి పాత్రకు మొదటిభాగమున లేని ప్రాధాన్యము గలిగినది. తెలిసినదనుకొన్న యిల్లే తెలియనిదగుట నూఱు శవములకంటె భయంకరము. ఈ లాభమువలన రెండవభాగము చూడఁదగినదే. అదియు మూఁడవదానికిఁ ద్రోవ విడిచియే ముగిసినది. ఆ త్రోవ యెట్టిదో ప్రేక్షకులే తేల్చుకొందురు.

అన్యదేశములందును నీ భేదమే కానవచ్చును. ‘సా’ యను నమెరికా చిత్రమాలిక 2004లో నారంభమై 2023నాఁటికిఁ బదిభాగములైనది. మొదటిది చాలవఱకు నొక స్నానశాలలో బంధింపఁబడిన యిరువుర కథ. మూలహంతకుఁడు మూఁడవభాగముననే (2006) మరణించినను మాలిక నిలువలేదు. హింసాయంత్రముల చాతుర్యమే కథయైనది. పదియవభాగము మొదటి రెంటినడుమ జరిగినట్లు చెప్పి, చచ్చినవానిని మరల బ్రతికించుకొనవలసివచ్చినది. ఇందులకుఁ బ్రతిగ ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాకు ‘సైకో’ (1960)ను జూడుఁడు. ఆయన మరణానంతరము రిచర్డ్ ఫ్రాంక్లిన్ దర్శకత్వమున ‘సైకో 2’ 1983లో వచ్చినది. ఇరువదిరెండేండ్ల చికిత్స తరువాత విడుదలయైన హంతకుఁడు మనుష్యునివలె బ్రతుకఁగోరును. లోక మతనిని బ్రతుకనీయునా యనుట ప్రశ్న. మొదటిభాగమున నెవనిఁ జూచి భయపడితిమో, రెండవభాగమున వానికొఱకే భయపడుదుము. మూలమంత గొప్పది గాకున్నను, ఉత్తరభాగ మేమి సేయవలెనో యది యెఱిఁగినది.

ఈ యెఱుకకు మన వాఙ్మయమున మహోదాహరణము గలదు. సౌప్తికమునకుఁ దరువాత వ్యాసుఁడు మఱియొక రాత్రివధను జెప్పలేదు, స్త్రీపర్వమును జెప్పెను. గాంధారి దివ్యదృష్టితో రణభూమిని జూచినపు డచట గృధ్రములు, నక్కలు, తెగిన బాహువులు, నెత్తురు నన్నియు నున్నవి. యుద్ధపర్వములకంటె నిందు బీభత్సము తక్కువ గాదు. చంపినవాని కన్నులతోఁ జూచిన దానినే యిప్పుడు తల్లులును భార్యలును జూచుచున్నారు. శవము లవియే, చూచు కన్ను మాఱినది. రౌద్రమునుండి కరుణము పుట్టునన్న మునివాక్య మిచట ఫలించినది. మాలతీమాధవమునందు సైత మఘోరఘంటుని వధతో భయము ముగియలేదు. శిష్యురాలు కపాలకుండల గురువధకుఁ బ్రతీకారముగ మాలతి నెత్తుకొనిపోవుటవలన, మాధవుని వీరకృత్యమునకే మూల్యము గలదని తెలియుచున్నది. ఆ కవియే మహావీరచరితమునకుఁ దరువాతికథగ నుత్తరరామచరితమును రచించి, రావణవధకంటె సీతావియోగమే దుస్సహమని చూపి, యుత్తరభాగము పూర్వభాగమును మించవచ్చునని నిరూపించెను.

కావున నా విద్యార్థికి నే నిచ్చు సమాధాన మిది. రెండవభాగమునకుఁ బోవుటకు ముందు మొదటిభాగమున నిన్ను భయపెట్టిన దేదియో యోచింపుము. అది యులికిపాటైనచో నింట నుండుము. పిఱికివాని చేష్టలైనచో నవ్వుటకుఁ బొమ్ము. ఒకని తప్పిదమైనచో దాని ఫలముఁ జూచుటకుఁ దప్పక పొమ్ము. ‘హిట్ 2’ను జూడుము, ‘పొలిమేర’ రెండవభాగమును జూడుము, ‘అవును 2’ను మానినను నష్టము లేదు. ‘హిట్ 3’ను జూచినచో, నీవు చప్పట్లు గొట్టిన చోటులను జ్ఞాపకముంచుకొని యింటికి వచ్చి యాలోచింపుము. ఆ యాలోచన కలిగెనేని ఆ చిత్రమునకైన ప్రయోజనము గొంత సిద్ధించును.

మా పొరుగుననున్న కొండపల్లిలోఁ దెల్లపొణికికఱ్ఱతో దశావతారముల బొమ్మలు చేయుదురు. ఆ వరుసలో నెత్తుటిచేతుల నరసింహుని తరువాత మఱింత పెద్దగోళ్ళ నరసింహుఁ డుండఁడు. గొడుగుపట్టిన వామనుఁ డుండును. మాలిక యను పేరు సార్థకమగుట యట్లని నాకుఁ దోఁచినది. ఇందలి గుణదోషములను విద్వాంసులు పరిశీలించి, తప్పులున్నచో దిద్దుదురుగాక.